చెంపదెబ్బ పాఠం

మంగళవారం రాత్రి, బరంపురం

కంప్యూటర్లో ఎగిరే బంతి బొమ్మే చేసి చేసి పిల్లలకి విసుగొచ్చిందని యానిమేషన్ క్లాసుకి కొత్త పాఠం రాసేను. మగబొమ్మ ఆడబొమ్మని చెంప మీద కొట్టాలి. ముందు చెయ్యి వెనక్కెళ్లాలి, తర్వాత దెబ్బ పడాలి, ఆ తర్వాతే మొహం తిరగాలి. వరస తప్పితే దెబ్బ అబద్ధంలా ఉంటుందని ఒడియాలో మరీ మరీ చెప్పేను.

ఇక్కడి సముద్రం ఒడ్డు సోనేపూర్ నుంచొచ్చే గౌరి ఆ తప్పే చేసింది. చెయ్యింకా గాల్లోనే ఉంది, ఆడబొమ్మ మొహం అప్పుడే తిరిగిపోయింది.

"ఏటిది? తగలకుండానే తిరిగిపోతాదా? బుర్ర ఎక్కడెట్టేవు?" అని అందరి ముందూ అరిచేను. కోపమొస్తే నాకు తెలుగే వస్తుంది. క్లాసులో తెలుగోళ్లం మేమిద్దరమే.

ఆ పిల్ల కూడా తెలుగులోనే, మెల్లిగా అంది: "మనకి ముందే తెలిసిపోతాది కదా మేడమ్."

నాకు అనలేదు, మాకు అనలేదు. మనకి అంది. ఒడియాలో మాకు, మనకి రెండిటికీ ఒకటే మాట; అందులో అనుంటే ఆ తేడా తెలిసేదే కాదు. నిన్న రాత్రి కమిలిన చోటు కనబడకుండా ఇవాళ చున్నీ మెడకి చుట్టుకునే వెళ్లేను. ఎలా కనిపెట్టిందో! ఆ మగబొమ్మ మొహాన్ని మౌసుతో బద్దలుకొట్టాలనిపించింది.

రేపు పాఠంలో ఏది ముందని రాయాలి...

కింద గేటు చప్పుడు. మా ఆయనొచ్చేరు. ఇంకా మెట్లే ఎక్కుతున్నారు, నా మొహం అప్పుడే గోడవైపు తిరిగిపోయింది.