లెక్క తేలని మాత్రలు

ట్రాయ్, మిషిగన్
అక్టోబరు 14, మంగళవారం ఉదయం

చిరంజీవి మానవ్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ వదిన నమ్రత, మనవరాలు మైత్రి బాగానే ఉన్నాం. నువ్వూ డబ్లిన్‌లో వేళకు తిని వేళకు పడుకుంటున్నావని తలుస్తాను. మీ అన్నయ్య బాగున్నాడా లేదా అన్నది ఒక్క మాటలో తేలేది కాదు. అందుకే ఇంత పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

"ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నాకు ఒక్క ముక్కా అర్థం కాదు, అన్నీ రాసి పంపు" అని మెయిల్‌లో ఎనిమిది ప్రశ్నలు పంపావు. నమ్రత ప్రింట్ తీసిచ్చింది. ప్రశ్నలకు నంబర్లు కూడా వేశావు, పరీక్ష పేపరులాగా. కన్నతల్లికి పరీక్ష పెట్టిన ఘనుడివి నువ్వే. నాకు టైపు చేయడం రాదు, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

అన్నయ్యకు వచ్చింది స్కిజోఫ్రీనియానా అని అడిగావు. కాదు. ఆ జబ్బులో లేని గొంతులు వినిపిస్తాయట, ఎవరో తమకు కీడు తలపెట్టారని గట్టిగా నమ్ముతారట. మన రాకేష్‌ది బైపోలార్. కొన్నాళ్ళు మనసు ఆకాశంలో ఉంటుంది, కొన్నాళ్ళు పాతాళంలో. డాక్టరమ్మ చేత్తో గాలిలో కొండలూ లోయలూ గీసి చూపించింది.

ఆకాశంలో ఉన్నప్పుడు నేను గుర్తుపట్టలేదు మానవ్. ఏప్రిల్‌లో నాలుగైదు రోజులపాటు రోజుకు గంటో రెండు గంటలో నిద్రపోయేవాడు, అయినా అలసటన్నదే లేదు. మాట మీద మాట, ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి. గ్యారేజీ అంతా ఖాళీ చేసి గోడల మీద ఇంజను బొమ్మలు గీశాడు. నేనేం చేశానో తెలుసా? నా కొడుకు ఎంత చురుగ్గా ఉన్నాడో అని మురిసిపోయి దిష్టి తీశాను! గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే పంతులుగారి చేతిలోంచి మైకు లాక్కుని, "అందరూ మీ జాబ్స్‌కి రిజైన్ చేసి నాతో రండి, ఫ్యూయల్ అక్కర్లేని ఇంజన్ కనిపెట్టాను" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నమ్రత మాత్రం వాడి కళ్ళలోకి చూసి కారు తాళాలు తీసుకుంది. అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మందుల సంగతి అడిగావుగా. మొదట ఓలాంజపీన్ ఇచ్చారు. పరుగెత్తే మనసును నిలబెట్టింది గానీ పగలంతా మత్తు, ఒళ్ళు వచ్చింది. జూన్‌లో పాతాళం మొదలైంది. స్నానం లేదు, తిండి లేదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. "నేను లేకపోతే మీరంతా హ్యాపీగా ఉంటారమ్మా" అన్నాడు ఒకరోజు. ఆ మాట నమ్రత డాక్టరుకు చెప్పింది, వాళ్ళు ఫైల్లో రాసుకున్నారు. డిప్రెషన్‌కు మాత్ర ఇవ్వండి అని నేనడిగితే, వీడికి అదొక్కటే ఇస్తే మళ్ళీ ఆకాశానికి ఎగరొచ్చు అన్నారు. అప్పుడే లిథియం మొదలుపెట్టారు, మధ్యలో ఒకసారి డోసు మార్చారు. అది వాడికి పట్టింది మానవ్. ఆగస్టులో మైత్రికి సైకిల్ నేర్పాడు. సీటు వెనకాల పట్టుకుని పరుగెత్తుతూ నవ్వుతుంటే, నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

ఒక్కటే చిక్కు. ఆ మందు రక్తంలో తక్కువైతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే విషం. మధ్యలో ఉన్నది సన్నని దారి. అందుకే మాటిమాటికీ రక్తపరీక్షలు.

నీ అయిదో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "నాకూ వస్తుందా?" అని అడిగి, కింద ఊరికే అడిగాను అని రాశావు. ఊరికే అడగలేదని నాకు తెలుసు. తోబుట్టువులకు అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువేనట, కానీ చాలామందికి రానే రాదట. నిద్ర తగ్గినా అలసట తెలియకపోతే, అదేదో గొప్ప అనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నాకు మాత్రం చెప్పకు, నేను దిష్టి తీస్తాను.

ఇక సెప్టెంబరు ఆఖరి వారం సంగతి. ముందు చేతులు వణికాయి. మైత్రి అన్నం తింటూ, "నానమ్మా, డాడీ స్పూన్ వై షేకింగ్?" అంది. మర్నాడు వాంతులు. ఆ మర్నాడు నడుస్తుంటే తూలి గోడ పట్టుకున్నాడు, మాట ముద్దగా వచ్చింది. నమ్రత అంబులెన్సుకు ఫోన్ చేసింది. రక్తంలో లిథియం ఒకటి దాటకూడనిది రెండున్నర ఉందన్నారు. సెలైన్ ఎక్కించారు, రెండుసార్లు డయాలిసిస్ చేశారు. మూడో రోజుకు మనుషుల్ని గుర్తుపట్టాడు. మూత్రపిండాలు కోలుకుంటున్నాయట, చేతి వణుకు ఇంకా ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అప్పుడు మొదలైంది అసలుది. ఎన్ని మాత్రలు మింగావు అని వాడిని అడిగారు. వాడు గుర్తులేదన్నాడు. సీసా తెచ్చి లెక్కపెట్టారు. పాత డోసు మాత్రలు కొన్ని మిగిలి అందులోనే కలిసిపోవడంతో లెక్క తేలలేదు. ఫైల్లో జూన్‌నాటి మాట ఉండనే ఉంది. కావాలనే మింగాడని వాళ్ళ అనుమానం. ఇప్పుడు మానసిక వార్డులో పెట్టారు. పావుగంటకోసారి నర్సు వచ్చి చూసిపోతుంది, బూట్లకు తాళ్ళు కూడా ఉండకూడదు. పట్టిన ఆ ఒక్క మందునూ ఆపేస్తారట, ఇలాంటి మనిషి చేతికి అది ఇవ్వలేమట. ఈరోజు పదకొండింటికి డాక్టరమ్మ మమ్మల్ని రమ్మంది, తేల్చేది ఈరోజే.

ఆదివారం వాడిని చూడటానికి వెళ్ళాను. నా చేయి పట్టుకున్నాడు. "అమ్మా, నేనే మింగి ఉంటానంటావా? నాకు నిజంగా గుర్తు లేదమ్మా. మైత్రి పక్క రూమ్‌లో ఉండగా నేనలా చేసుంటానా?" అని అడిగాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఎలా చూసేవాడో అలాగే చూశాడు. "పోనీలే నాయనా, అయిపోయిందిగా" అన్నాను.

అలా అన్నానురా. తెలిసీ అన్నాను.

ఎనిమిది ప్రశ్నల్లో నువ్వు అడగనిది ఒకటుంది, ఇంట్లో ఏం వండుతున్నావని. ఎవరూ అడగరు కదా, అమ్మ వంట. వాడు కోలుకుంటున్నప్పుడు, మళ్ళీ ఆ పాతాళం రాకూడదని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నాను. నలభై ఒక్క రోజులు నేనూ నా బిడ్డా చప్పిడి తింటామని. వాడికి చెబితే నవ్వుతాడు, నమ్రతకు చెబితే డాక్టరును అడుగుదాం అంటుంది. అందుకని ఇద్దరికీ చెప్పలేదు. కూర ఉడకగానే రాకేష్ గిన్నె తీసి పక్కన పెట్టి, మిగతా దాంట్లో ఉప్పు వేసేదాన్ని. వాడి గిన్నెలో నిమ్మకాయ పిండేదాన్ని, కారం ఎక్కువ వేసేదాన్ని. సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, నా చేతి తిండి తప్ప వేరే ఎరగడు. లిథియం అంటే ఒక రకం ఉప్పేనని డాక్టరు ఎప్పుడో అన్నారు. ఒక ఉప్పు మింగుతూనే ఉన్నాడు, రెండోది తగ్గితే బీపీకి మంచిదేలే అని పైగా నా తెలివి ఒకటి.

వాడు గమనించకపోలేదు. "అమ్మా, నోటికి రుచి తెలియడం లేదు, టాబ్లెట్స్ వల్లనా?" అన్నాడు. "అవును నాయనా, మందు గుణం" అన్నాను. ముప్ఫై నాలుగు రోజులు అలా పెట్టాను. ఉప్పు తగ్గితే ఒళ్ళు ఆ మందును బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుందట. నేనూ చప్పిడే తిన్నాను, నాకేమీ కాలేదు. నేను లిథియం వేసుకోవడం లేదుగా!

ఇది నాకు శనివారం తెలిసింది. ఆసుపత్రివాళ్ళు ఫోన్‌లో తెలుగు మాట్లాడే ఆవిడను పెట్టి నన్ను అడిగించారు. "అమ్మా, ఈమధ్య ఆయన భోజనంలో ఉప్పు గానీ, తాగే నీళ్ళు గానీ తగ్గాయా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది. అవి తగ్గితే ఆ మందు ఒంట్లోనే పేరుకుపోతుందని కూడా చెప్పింది. పక్కనే నమ్రత ఉంది. "లేదండీ" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఎందుకన్నానని నువ్వు అడుగుతావు. భయం. నమ్రత ఇక నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదని, మైత్రికి అన్నం పెట్టనివ్వదని, పెట్టనివ్వకపోయినా అది న్యాయమేనని. నా కొడుకును నేనే చంపబోయానని నలుగురూ అంటారని. ఆ భయంతో మూడు రోజులుగా ఏం చేస్తున్నానో చూడు. తను ప్రాణం తీసుకోబోయానని వాడు నమ్మడం మొదలుపెట్టాడు, నేను పక్కన కూర్చుని నమ్మనిస్తున్నాను. నిన్న ఫోన్‌లో "సారీ అమ్మా, మిమ్మల్ని చాలా భయపెట్టాను" అన్నాడు. అంతకుముందు నేను చేసింది అజ్ఞానం. నిన్న ఆ మాట విని కూడా ఊరుకున్నానే, అది పాపం.

పదింటికి బయల్దేరాలి. డాక్టరమ్మ ఎదుట నోరు విప్పి చెబుతానని నా మీద నాకు నమ్మకం లేదు, మళ్ళీ "లేదండీ" అనేస్తానేమో. అందుకని ఈ కాగితాలు ఇప్పుడు నమ్రత చేతిలో పెడుతున్నాను. తెలుగు కూడబలుక్కునైనా చదువుతుంది. ముందు తను చదవాలి, తరువాత ఆసుపత్రిలో చెప్పాలి, ఆ తరువాత ఫోటోలు తీసి నీకు పంపాలి. చదివాక నన్ను కారెక్కించుకుంటుందో లేదో తెలియదు. కింద షూస్ వేసుకుంటూ, "అత్తయ్యా, రెడీనా?" అని పిలుస్తోంది. ఆ పిలుపు ఇంకోసారి వినాలని ఉంది.

ఇది నీకు చేరిందంటే నమ్రత చదివిందని అర్థం. వెంటనే వార్డుకు ఫోన్ చెయ్యి మానవ్. నువ్వు ఎక్కువ మాత్రలేమీ మింగలేదు అన్నయ్యా అని చెప్పు. అది చెప్పాక నన్ను ఏమన్నా అను, పడతాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ
కృష్ణకుమారి