దాచిన సగం

అక్కా,

నేను పంపిన కరపత్రాన్ని ఇంకా ప్రెస్సుకి ఇవ్వకపోతే ఆపెయ్యి. ఇచ్చేసి ఉంటే పరుగెత్తుకెళ్లి వెనక్కి తీసుకో.

సముద్రం అడుగును తవ్వి పరిశోధించే ఈ ఓడలో ఏ దేశం ఎంత చందా కడితే దానికన్ని సీట్లు ఇస్తారని మొదటి పేజీలో రాశాను. అది అన్యాయమే, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. తంటా రెండో పేజీతో. సముద్రం అడుగునుంచి గొట్టాల్లో తీసిన మట్టిని నిలువునా చీల్చి, ఒక సగమే శాస్త్రవేత్తలకు పంచుతారు. రెండో సగాన్ని ఎవరూ ముట్టకుండా దాస్తారు. దాన్ని దొంగ నిల్వ అని తిట్టాను కదా!

మొన్న డ్యూటీలో మా ల్యాబు పెద్దాయనతోనూ అదే గొడవ. "ఎవరికోసం దాస్తున్నారండీ?" అని అరుస్తూనే గొట్టానికి మూతలు బిగించాను. పైకొసకి నీలం మూత, కిందికొసకి తెల్ల మూత పెట్టాలి. ఆ కోపంలో తారుమారు చేశాను.

ఇరవైమంది తమ వాటాలు కోసుకున్నాక లెక్కలు కుదరలేదు. పాత మట్టి పైన, కొత్తది కింద! పంచిన సగంలో చిల్లులే మిగిలాయి. పెద్దాయన దాచిన సగాన్ని తెప్పించారు. బరువుకి ముందే దిగి ప్రతి పొరలోనూ అడుగున ఉండాల్సిన ముతక ఇసుక పైన కనిపించింది. అంటే గొట్టం తలకిందులైందన్నమాట, నా మూతల వల్లే.

"ఎవరికోసం అన్నావుగా, నీకోసమేనయ్యా. తప్పు నీ చేత్తోనే రాసి సంతకం పెట్టు," అన్నారు.

పెట్టాను. మళ్లీ ఓడ ఎక్కనిస్తారో లేదో తెలియదు. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

మొదటి పేజీ అచ్చు వేయించు. రెండోది మాత్రం చించెయ్యకు. బీరువాలో దాచు.

నీ తమ్ముడు