ఆకుపచ్చ ఇంటి పెళ్లిచూపులు

బో-కాప్, కేప్‌టౌన్

తోయర్ అన్నగారికి,

మీ ఓడ స్నేహితుడి భార్య గలీమా సలాములు. మనం ముఖాలు చూసుకోలేదు గానీ సంబంధం కలుపుకుంటున్నాం! మా ఆయన సముద్రం మీదే ఉన్నారు, పెళ్లిచూపుల బరువంతా నా నెత్తినే పడింది. పండగ వెళ్లిన వారానికి మీ అబ్బాయి రియాద్‌ని తీసుకురండి. కొండ, కోట అన్నీ మా అమ్మాయి ఫైరూజే చూపిస్తుంది. కింబర్లీలో మీకు ఆ వజ్రాల గొయ్యి తప్ప ఏముంది! వీధి మొత్తానికి ఆకుపచ్చ ఇల్లు మాదొక్కటే.

మీ చెల్లెలు
గలీమా

తా.క. పక్కన పసుప్పచ్చ ఇంటి రుకేయా పలకరిస్తే పలక్కండి. మాకు మాటల్లేవు.

కింబర్లీ

చెల్లెమ్మకి,

క్షేమంగా ఇల్లు చేరాం. ఏం మర్యాదమ్మా మీది! గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరు, ఏమిటి అని ఒక్క మాట అడక్కుండా కొబ్బరి అద్దిన కూసిస్టర్ మిఠాయిలు పెట్టారు. పాకం మోచేతుల దాకా కారింది! కోట చూశాం. టేబుల్ మౌంటెన్ మాత్రం ఉన్నన్నాళ్లూ మబ్బు ముసుగు తీయలేదు, పెళ్లికూతురికన్నా దానికే సిగ్గెక్కువ. సిగ్నల్ హిల్ మీద వేళ చెప్పే మధ్యాహ్నం ఫిరంగి పేలితే నేను బోర్లా పడ్డాను. మావాడు పిల్ల మీంచి చూపు తిప్పితే ఒట్టు! ఉంగరం తొడిగేశాం కదా, ఇక ముహూర్తం చెప్పండి.

మీ అన్న
తోయర్

తా.క. అమ్మాయిని ఇంట్లో షహీదా అంటున్నారు. ముద్దుపేరా?

బో-కాప్

తోయర్ గారూ,

ఏ పిల్లకి తొడిగారండీ ఉంగరం? మీరు మా గడప తొక్కితే కదా! మాంసం కూర వేడి చేసి, మళ్లీ వేడి చేసి, గుమ్మంలో నిలబడి కళ్లు కాయలు కాచాయి. పండక్కి మేం ఇళ్లకి రంగులేసుకుంటాం. రుకేయా ఉడుక్కోవాలని ఈసారి దాని పసుపు నేను వేయించాను. అది నాకన్నా మొండిఘటం, నా ఆకుపచ్చ వేయించింది. మీరు దర్జాగా వెళ్లి అక్కడ కూర్చున్నారు! షహీదా దాని కూతురు. నా ఫైరూజ్ కొత్త బట్టలతో కిటికీ దగ్గర కూర్చుని కూర్చుని ఏడ్చింది. ఆ ఉంగరం వెనక్కి తెప్పించండి.

గలీమా

తా.క. దాని కూసిస్టర్లు మెచ్చుకున్నారు చూడండి, అది మాత్రం చచ్చినా క్షమించను.

కింబర్లీ

అమ్మా గలీమా,

సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీరైనా అడగొచ్చు కదమ్మా అని రుకేయాగారికి రాశాను. అతిథి తినకముందు ఎవరని అడగడం వాళ్ల ఇంటావంటా లేదట. తిన్నాక చూస్తే పిల్లలిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు, ఇంకేం అడగను అన్నారు. ఉంగరం మాటెత్తితే రియాద్ గోతిలో దూకుతానంటున్నాడు. మీ పిల్లకి అన్యాయం చేశానని ముద్ద దిగడం లేదు.

తోయర్

తా.క. వాడు దూకడు లెండి. గోతి దగ్గరికి వెళ్లాలంటే టికెట్ కొనాలి, వాడు పిసినారి.

బో-కాప్

అన్నగారికి,

ఉంగరం అక్కడే ఉండనివ్వండి. నా కోపం పోయింది. నిన్న పార్ల్ ఊరి నుంచి ఒక కుటుంబం మా ఇంట్లో దిగింది. కుర్రాడు బడిపంతులు, చక్కగా ఉన్నాడు. ఇవాళ మబ్బు విడింది, ఫైరూజ్ వాళ్లని కొండెక్కించింది. దిగేటప్పుడు ఇద్దరూ ఒకటే నవ్వు! నా పిల్ల మొహంలో ఆ నవ్వు చూసి కళ్లనీళ్లొచ్చాయి.

మీ చెల్లెలు
గలీమా

తా.క. వాళ్లు వచ్చింది షహీదాని చూడ్డానికి. పండక్కి ముందు రుకేయా వాళ్లకి పసుప్పచ్చ ఇల్లని రాసిందట. రెండో కప్పు టీకే నాకర్థమైపోయింది. అయినా అతిథి తినడం పూర్తి కాకుండా ఎలా అడుగుతాం చెప్పండి? అందుకే ఇంకా వడ్డిస్తూనే ఉన్నాను.