రైట్ అనను

డిపో మేనేజరు గారికి,

నేను ఏడో నంబరు బస్సు కండక్టరును. కోపంగా రాస్తున్నాను, మన్నించండి, మన్నించకపోయినా చదవండి.

రాత్రంతా బండి నడిపి, నిన్న పొద్దున ఇంటికెళ్ళిన మా డ్రైవరు బాబాయిని, మనుషులు తక్కువయ్యారని మీరు గంటకే మళ్ళీ డ్యూటీకి రప్పించారు. మధ్యాహ్నం వంతెన మీద బస్సు పక్కకు లాగేసింది. నేను అరిస్తే ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. పిట్టగోడకు జానెడు దూరంలో ఆగాం. లోపల నలభై మంది.

"నిద్రపోయావా బాబాయ్?"

"కళ్ళు మూశానంతేరా, నిద్రెక్కడ పోయాను!"

కళ్ళ కింద తలనొప్పి బాము రాసుకుని మళ్ళీ స్టీరింగు పట్టాడు. మన డిపోలో అందరి వైద్యమూ అదే. బాము కళ్ళను మండిస్తుంది గాని నిద్రను తీర్చదు. నిద్రకు నిద్రే మందని మీ గది గోడకు అంటించిన కరపత్రంలోనే ఉంది. నేను మూడుసార్లు చదివాను. మీరు ఒక్కసారి చదవండి.

రేపు కూడా ఆయనకే రెండు డ్యూటీలు వేశారు. ఆయన మొహమాటస్తుడు, కాదనడు. నేను కాదంటున్నాను. ఆయన కంటినిండా నిద్రపోయి వచ్చేదాకా నేను "రైట్" అనను. కండక్టరు రైట్ అనందే బస్సు కదలకూడదన్న రూలు మీదే. వేటు వేస్తే నా మీద వెయ్యండి. ఆయన ఇంటికి మాత్రం మనిషిని పంపి లేపకండి.

ఇట్లు,
రేపు బస్సు మెట్ల మీద కూర్చుని ఉండే
మీ కండక్టరు