ముందు వచ్చింది నేను

నేను మరియమ్మను. డెబ్బై రెండేళ్లు. మట్టెవాడ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మన బిడ్డ రూతు నాయనా, నువ్వు పోయి నేటికి ఏడాది. మేడమీద అద్దెకుండే లలిత చేత ఇది రాయిస్తున్నాను.

ఆ పిల్ల కాలేజీ చదువు కోసం పాత జనాభా లెక్కలు ముందేసుకుని, ఎవరు ఊరు ఎందుకు విడిచారో చూస్తోంది. ఆడవాళ్లు ఊరు మారింది చాలావరకు పెళ్లితోనేనని అందులో ఉందట.

ఉండదా మరి? ఆనాడు జనాభా లెక్కలు రాసుకోవడానికి బడి టీచరమ్మ వచ్చినప్పుడు నేను పొయ్యి దగ్గరున్నాను. "మీ ఆమె ములుగు నుంచి ఎందుకొచ్చింది?" అని ఆమె అడిగితే, నువ్వు మంచం మీది నుంచే, "నన్ను చేసుకున్నది, నా ఎంబడి వచ్చింది" అన్నావు. పరాయి మనిషి ముందు నీ మాట కొట్టెయ్యలేక ఊరుకున్నాను.

పెళ్లయిన మరుసటేడే నిన్ను ములుగులోనే ఉంచి, ఇక్కడి పత్తి మిల్లులో పనికి ముందు వచ్చింది నేను. అర్ర కిరాయికి తీసుకుని, రెండేళ్లకు నిన్ను పిలిపించుకున్నదీ నేనే.

"ఇప్పుడు దిద్దరాదా బిడ్డా?" అని లలితనడిగాను.

"అండ్ల పేర్లుండయి అమ్మమ్మా, మొత్తాలే ఉంటయి. నిన్ను యాడ దేవులాడాలె?" అంది.

రూతు నాయనా, నా ఎంబడి వచ్చానని చెప్పుకోవడం నీకంత నామోషీగా ఉంటే ముందే నాతో చెప్పాల్సింది. ఆ అబద్ధం నీకోసం నేనే చెప్పేదాన్ని.

మరియమ్మ వేలిముద్ర.
సాక్షులు: రాసిన లలిత, మిల్లులో నాతో పనిచేసిన కొమురమ్మ.