కోడలి కొలను

ఆదివారం, జూలై 20

మా ఇంటి కోడలికి, నిండు మనసుతో దీవించి మావయ్య రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. చెయ్యి రావడం లేదు. బతికే ఉన్నాం అని రాస్తున్నాను, ప్రస్తుతానికి దానితో సరిపెట్టుకో. నువ్వూ మీ అక్కా కులాసా అని తలుస్తాను. ఫోన్ చేస్తే రెండో మాటకే ఏదో వంక చెప్పి పెట్టేస్తున్నాను. ఉత్తరమైతే మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి రావచ్చు.

నువ్వు వెళ్ళి నలభై రోజులైంది. పెరట్లో ఆ మంచమంత సిమెంటు కొలను చూసినప్పుడల్లా ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. నువ్వు నర్సరీ నుంచి వచ్చేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. మర్నాటికి కలువాకులు ఉడకబెట్టినట్టయిపోయాయి. దోమల గుంట పూడ్చేస్తానని మావాడు వారం నుంచీ గోల చేస్తున్నాడు కనక వాడే ఏదో పోశాడన్నావు. వాడు నీ మీదే ఒట్టేశాడు. పూడ్చే ధైర్యం లేక విషం పోసినవాడి ఒట్టు ఎవరిక్కావాలని బ్యాగు సర్దుకున్నావు. నేను వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను.

తర్వాత ఆ నీళ్ళన్నీ బకెట్లతో తోడిపోశాను. తామర దుంప పట్టుకుంటే వేళ్ళ మధ్యే చీకిపోయింది. తెల్ల కలువ దుంప ఒక్కటి గట్టిగా తగిలింది. నర్సరీలో మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళకి నువ్వు చెప్పే పాఠాలన్నీ గుర్తు తెచ్చుకుని దాన్ని కుండీలో మళ్ళీ నాటి కొలనులో దించాను. కంపోస్టు కాదు, బంకమట్టి. మొలక కొన పూడిపోకూడదు. పైన గులకరాళ్ళు పరవాలి. మొదట్లో జానెడు నీళ్ళే, ఆకు లేచేకొద్దీ పెంచాలి. ఎండ తగలని ఇంటికి కలువ అమ్మనని ఎంత పెద్దమనిషినైనా వెనక్కి పంపేదానివి, ఆ సంగతీ గుర్తొచ్చి కుండీని ఎండ ఎటు తిరిగితే అటు జరుపుతున్నాను. నా నడుము సంగతి అడక్కు.

నాలుగాకులు వచ్చాయి, చొక్కా బొత్తాలంత. రెండు అప్పుడే పసుపెక్కాయి. ఎరువు ఎక్కువైందో తక్కువైందో తెలియదు. కాగితంలో పొట్లం కట్టి మట్టిలోకి గుచ్చమనేదానివి, ఎంత లోతుకో నేనెప్పుడూ అడగలేదు. ఎదురింటి దర్జీ జాలిపడి నీళ్ళ మీద తేలే అంతరతామర మొక్కలు రెండిచ్చాడు. అవి మాత్రం ఎవరూ బతిమాలకుండానే నీళ్ళంతా కమ్మేశాయి. సగానికి మించి కమ్మితే కిందవాటికి వెలుతురుండదని నువ్వే అనేదానివి కదా, రోజూ బకెట్టెడు తీసి పారేస్తున్నాను. నాలుగు రోజులు పోతే మళ్ళీ అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావని మీ అత్తయ్య బతికుంటే అనేది. నా పరిస్థితి చూస్తే ఆ ఆకులూ దొరికేట్టు లేవు.

మావాడు మోటారు షాపు కట్టేసి వచ్చి, కొలను పక్కన కాసేపు నిలబడతాడు. ఓ రోజు ఎవరికీ చెప్పకుండా చిన్న మోటారు తెచ్చి బిగించాడు, నీళ్ళు కదులుతుంటే దోమలు గుడ్లు పెట్టవట. మొన్న అన్నం ముందు కూర్చుని, నాన్నా, తను అంత తేలిగ్గా నమ్మిందంటే నా మొహంలో ఏం కనిపించి ఉంటుందంటావ్ అని అడిగాడు. నేను కూర వేసుకున్నాను. అంతకుముందే వేసుకున్న కూర అలాగే ఉంది.

ఒకటో తారీఖు నుంచి నువ్వు అక్కడి నర్సరీలో చేరుతున్నావని, వేరే గది కూడా చూసుకున్నావని మీ అక్క చెప్పింది. ఆ మాట వాడితో చెబితే మంచిదే అన్నాడు. అమ్మాయ్, వాడిక రమ్మని అడగడు. నువ్వు ఆ గదిలో దిగాక రానూ రావు. ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ పసుపు ఆకులకి ఏం చెయ్యాలో ఓ ముక్క రాయి.

ఎండలో ఎక్కువసేపు నిలబడి పని చెయ్యకు.

ఇట్లు,
మావయ్య

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను.

వాడేమీ పొయ్యలేదమ్మా. నేను పోశాను. నీళ్ళు తేటపడితే మీ ఇద్దరి మధ్యా ఆ గొడవ ఉండదనుకున్నాను. ముప్పై రెండేళ్ళు మంచినీళ్ళ ట్యాంకుల్లో బ్లీచింగ్ పౌడర్ కలిపినవాణ్ణి, పచ్చటి నీళ్ళు చూస్తే చెయ్యి ఊరుకోదు. మీరు పనులకి వెళ్ళాక ఓ గుప్పెడు కలిపాను. మేడంత ట్యాంకులకి అలవాటు పడిన గుప్పెడు అది. కుళాయి నీళ్ళైనా రెండు రోజులు బకెట్లో నిలవుంచి పొయ్యాలని నువ్వు చెబుతూనే ఉండేదానివి. నాకు నీళ్ళ గురించి ఒకళ్ళు చెప్పేదేమిటనుకున్నాను.

ఆ రోజే చెప్పాల్సింది. రిటైరయ్యాక నన్ను మనిషిగా లెక్కేసి ఏ సంగతైనా అడిగేది నువ్వొక్కదానివే. అది పోతుందని భయపడి, నా కొడుకుని నీ ముందు దొంగని చేశాను.

వాడికింకా తెలియదు. నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని వాడి చేతికే ఇస్తున్నాను. కవరు అంటించడం లేదు.