తల్లి గడిలో ఎవరి పేరు

నారిన్ పట్టణం నుంచి

వదినకు,

ఇక్కడ అందరం క్షేమం. నాకు పదో వారం. మా ఆయన మందతో కొండమీద ఉన్నారు, ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు.

మొన్న ఆసుపత్రిలో డాక్టర్ బూరుల్‌గారు, కడుపుతో ఉండగా షుగర్ వచ్చే ప్రమాదం ఎంతుందో ముందే తెలుసుకోవాలని ఒక కాగితం తీసి ప్రశ్నలు వేశారు.

"మీ అమ్మకి షుగరుందా, పిల్లా?"

"లేదండీ. చనిపోయిన ఏడాది కూడా గుర్రమెక్కింది."

"అయితే నీకేం భయం లేదు పో" అని నవ్వారు.

ఇంటికొచ్చి టీలో జామ్ కలుపుకుంటుంటే మీరు గుర్తొచ్చారు. మీరు చప్పటి టీ తాగుతారు. సూదిమందు గుర్రప్పాల సీసా వెనక దాస్తారు. తొలిబిడ్డ నానమ్మదేనన్న మన ఆచారం ప్రకారం నేను నానమ్మనే అమ్మా అని, కన్న మిమ్మల్ని వదినా అని పిలుస్తూ పెరిగాను. డాక్టరుకీ అలవాటుగా ఆ అమ్మ సంగతే చెప్పేశాను.

గురువారం వెళ్లి ఆ కాగితంలో తల్లి గడి దిద్దించాలి. నన్ను మోస్తున్నప్పుడే మీకు షుగర్ వచ్చిందా? పుట్టినప్పుడు నేనెంత బరువున్నాను? ఫోనులో అడగబోయి రెండుసార్లు పెట్టేశాను, అందుకే రాస్తున్నాను.

ఇంకొక్క మాట. తొలిబిడ్డ తనదేనని మా అత్తగారు అప్పుడే ఉయ్యాల దింపి తుడుస్తున్నారు. నన్ను నానమ్మ ఒళ్లో పెట్టేసి వచ్చిన రోజు నువ్వేం చేశావో, అది కూడా రాయి అమ్మా.